ఎర్ర మీట చూసి ప్లగ్గు పెట్టండి

‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని ఉత్తర తెలంగాణ బతుకుదెరువును మూడు మాటల్లో చెప్పేస్తుంటారు. ఆ వరుసలో ఇప్పుడు అమెరికా కూడా చేరింది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు, కరీంనగర్ నుంచి అమెరికాకు చదువుల కోసం వెళ్లినవాళ్లు సెలవులకు వచ్చేటప్పుడు ఒకప్పుడు టేప్‌రికార్డర్ తెచ్చేవారు, ఇప్పుడు ల్యాప్‌టాప్ తెస్తున్నారు. ‘పిల్లలకు పనికొస్తది’ అని పాత డెస్క్‌టాప్‌ను అట్టపెట్టెలో సర్దుకొచ్చేవాళ్లూ ఉన్నారు. చిక్కంతా ఆ పెట్టె విప్పి, గోడకున్న ప్లగ్గులో పెట్టే దగ్గరే వస్తుంది.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులే. గల్ఫ్ అంతా ఒకటే అనుకుంటాం గానీ కాదు. దుబాయి, కువైట్, ఖతార్, ఒమన్‌లలో ఇంచుమించు మన లెక్కే. సౌదీ దారి మాత్రం వేరు. అక్కడ చాలా కాలం మామూలు సాకెట్లలో 127 వోల్టులు, ఏసీల వంటి పెద్ద సామాన్లకు 220 వోల్టులు ఇచ్చేవారు. హెర్ట్జ్ అమెరికాలాగే 60. దేశమంతటినీ దశలవారీగా 230 వోల్టులకు మార్చాలని 2010లో ఆ ప్రభుత్వం నిర్ణయించింది. అందుకే రియాద్‌లో పాత బిల్డింగులో ఉన్నవాడి అనుభవం ఒకటి, కొత్త బిల్డింగులో ఉన్నవాడిది ఇంకొకటి.

ఈ తేడాలకు మూలం పాత వ్యాపారాల్లో ఉంది. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ కంపెనీ తన బల్బులకు సరిపోయేలా 110 వోల్టుల దరిదాపుల్లో కరెంటు ఇచ్చింది. అమెరికా ఆ దారినే స్థిరపడిపోయింది. 19వ శతాబ్దం చివర్లో బెర్లిన్ కరెంటు కంపెనీ వోల్టేజీని రెట్టింపు చేసింది. అదే రాగి తీగలో ఎక్కువ కరెంటు ఇళ్లకు అందించవచ్చన్నది దాని లెక్క. యూరప్ ఆ బాట పట్టింది. ఇంగ్లిష్ వాళ్ల పాలనలో మనకూ 200 దాటిన వోల్టేజీయే అలవాటైంది.

కంప్యూటర్‌కు ఈ గొడవ తక్కువ. నిజానికి ఇబ్బంది మిక్సీలతోనే. ఇక్కడి మిక్సీని అమెరికా సాకెట్‌లో పెడితే నీరసంగా తిరిగి పప్పు నలగదు. అక్కడి మిక్సీని ఇక్కడ పెడితే మోటారు కాలిపోతుంది. అందుకే మన కంపెనీలు అమెరికా వాళ్ల కోసం 110 వోల్టుల మిక్సీలు వేరుగా తయారుచేసి అమ్ముతున్నాయి.

కంప్యూటర్ లోపలి భాగాలకు కావలసింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. గోడలోని కరెంటును అంత చిన్నదిగా మార్చే డబ్బాను షాపుల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు. వచ్చిన కరెంటును అది ముందు డీసీ చేస్తుంది. తర్వాత సెకనుకు వేలసార్లు తెరిచి మూస్తూ ముక్కలు చేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపుతుంది. చెరువు నిండుగా ఉంటే నీరటి తూమును కొంచెమే తెరుస్తాడు, నీళ్లు తగ్గితే ఎక్కువ తెరుస్తాడు. కాలువలో పారకం మాత్రం ఒకటే. ఎస్‌ఎంపీఎస్ చేసేదీ ఇదే పని. ముందే డీసీ చేసేస్తుంది కనుక 50 హెర్ట్జా, 60 హెర్ట్జా అన్నది దానికి పట్టదు.

ల్యాప్‌టాప్ ఎడాప్టర్‌ను తిప్పి చూడండి. ‘ఇన్‌పుట్’ అన్న చోట చిన్న అక్షరాల్లో 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. అది ఉంటే చాలు, డల్లాస్‌లో అయినా ఆదిలాబాద్‌లో అయినా వోల్టేజీ మార్చే ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. అమ్మేవాడు కావాలన్నా కొనొద్దు.

పాత డెస్క్‌టాప్‌ల సంగతి అలా కాదు. వెనకవైపు, కరెంటు వైరు పెట్టే చోటి పక్కన చిటికెనవేలి గోరంత ఎర్ర మీట ఉంటుంది. ఒకవైపు జరిపితే దాని మీద 115 అని, రెండోవైపు జరిపితే 230 అని కనిపిస్తుంది. 115 మీద ఉంచితే లోపలి సర్క్యూట్ వచ్చిన వోల్టేజీని రెట్టింపు చేసుకుంటుంది. అమెరికాలో అది సబబే. అదే డబ్బాను మీట మార్చకుండా ఇక్కడ 230కి పెడితే, అదీ రెట్టింపై లోపల 650 వోల్టుల దాకా లేస్తుంది. లోపలి రెండు పెద్ద కెపాసిటర్లు ఒక్కొక్కటి 200 వోల్టులు తట్టుకునేవే. వాటి మీద చెరో 325 పడుతుంది. ‘ఢాం’ అని చప్పుడు, వెనకే కాలిన వాసన. ‘ఎస్‌ఎంపీఎస్ పోయింది, మార్చాలె’ అంటాడు మెకానిక్. అదృష్టం బాగుంటే నష్టం అక్కడితో ఆగుతుంది. లేకుంటే మదర్‌బోర్డు కూడా పోవచ్చు.

తలకిందులుగా జరిగితే అంత ప్రమాదం లేదు. 230 మీద ఉన్న మీటతో అమెరికాలో పెడితే కంప్యూటర్ లేవదు, అంతే. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు చాలావాటికి ఈ మీటే ఉండదు, ఏ వోల్టేజీ వస్తే దానికి అవే సర్దుకుంటాయి. అయితే మీట లేదు కదా అని నమ్మేయకూడదు. మన బజార్లో చవకగా దొరికే కొన్నింటి మీద 200-240 అని మాత్రమే రాసి ఉంటుంది. వాటిని అమెరికా తీసుకుపోయి లాభం లేదు.

100 నుంచి 240 వరకు తట్టుకునే ఈ గుణం పల్లెల్లో ఇంకో మేలు చేస్తోంది. యాసంగిలో మోటార్లన్నీ ఒక్కసారిగా నడిచే వేళ వోల్టేజీ పడిపోయి ఫ్యాను మెల్లగా తిరుగుతున్నా ల్యాప్‌టాప్ మామూలుగానే చార్జ్ అవుతుంది. దానికి శత్రువు లో వోల్టేజీ కాదు, తెగిన న్యూట్రల్. గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ వైరు తెగితే ఇళ్లలోకి 300, ఒక్కోసారి 400 వోల్టుల దాకా వస్తుంది. వీధిలో టీవీలన్నీ ఒకేసారి కాలిపోయాయని వినేది అప్పుడే. అంత వోల్టేజీని మామూలు ఎడాప్టర్లు తట్టుకోవు. గాలివాన వచ్చినప్పుడు ప్లగ్గు పీకేయడం ఒక్కటే దారి.

ఇక పిన్నులు. గల్ఫ్‌లో మూడు మందపాటి చదరపు పిన్నులు, అమెరికాలో బద్దల్లాంటివి, మనకు గుండ్రనివి. విమానాశ్రయంలో కొనే కన్వర్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. పైగా చాలావాటిలో ఎర్త్ కలవదు. రేకు బాడీ ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు చేతికి జుమ్మని తగలడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. అమెరికా కంటే ఇక్కడ వోల్టేజీ దాదాపు రెట్టింపు కనుక ఆ జుమ్మనడమూ ఎక్కువే. ఎడాప్టర్ నుంచి గోడకు వెళ్లే వైరు ఊడదీసేదే అయి ఉంటుంది. దాన్ని తీసి మూడు పిన్నుల మన వైరు పెట్టుకుంటే సరిపోతుంది. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో ఏ కంప్యూటర్ షాపులో అడిగినా ఇస్తారు.

కంప్యూటర్‌తో పాటు వచ్చే ప్రింటర్, స్పీకర్లు, వైఫై రూటర్‌ల ఎడాప్టర్లను కూడా విడిగా చూసుకోండి. వాటిలో కొన్నింటి మీద 120 వోల్టులు అని మాత్రమే ఉంటుంది. అవి ఇక్కడ ఒక్కసారి పెట్టినా పోతాయి. డెస్క్‌టాప్‌ను ఇంటికి పంపేవాళ్లు పెట్టె కట్టేముందే ఎర్ర మీటను 230 మీదికి జరిపి, దాని మీద టేపు అంటించి పంపండి.