నవాబు వేషంలో... మీరే!

చార్మినారుకి అయిదు కిలోమీటర్ల దూరంలో ఒక గుట్ట. గుట్టమీద తెల్లటి మేడ. కింది గేటు దగ్గర కారు దిగారో లేదో గుర్రబ్బండి సిద్ధం! బండి దిగి మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు జలజలా రాలతాయి. 'కట్' అనడానికి డైరెక్టరు మాత్రం ఎక్కడా కనిపించడు.

ఇది సెట్టింగు కాదండోయ్! హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్యాలెస్. 2010 నవంబరు నుంచి ఇది తాజ్ వాళ్ళ హోటలు. హోటలంటే గది, భోజనం, బిల్లు అంతే కదా అనుకునేరు! ఇక్కడ బసతోపాటు వేషం కూడా ఇస్తారు. ఆ పూటకి నవాబు మీరే.

అయితే ఈ వేషం మొట్టమొదట కట్టిన అసలు నవాబుగారి కథ వినండి.

ఆయన పేరు వికారుల్ ఉమ్రా. పైగా వంశీకుడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి వరసకు బావగారు, కొన్నాళ్ళు ప్రధానమంత్రి కూడానూ. 1884లో పునాది వేయించారు. ఇటలీ పాలరాయి, రంగురంగుల అద్దాలు, షాండిలియర్లు... దాదాపు పదేళ్ళపాటు డబ్బు నీళ్ళలా పోశారు. మేడ లేచింది, నవాబుగారు అప్పుల్లో మునిగారు!

ఆ సమయంలో నిజాం ప్రభువు అతిథిగా వచ్చారు. వచ్చినవారికి మేడ తెగ నచ్చింది. ఎన్నాళ్ళయినా తిరుగు ప్రయాణం మాటే లేదట! వికారుల్ ఉమ్రాకి సంగతి బోధపడి, మేడ ప్రభువువారికే సమర్పించుకున్నారని చెబుతారు. నిజాం ఖర్చులు ఇప్పించారు గనక నవాబు అప్పుల్లోంచి బయటపడ్డారు. కాని ఇల్లు పోయింది. 1902లో ఆయన కన్నుమూశారు. అతిథిగా వచ్చిన మహబూబ్ అలీఖాన్ 1911లో ఆ మేడలోనే కన్నుమూశారు. మన రచయితలకి ఇంతకంటే మంచి ఇంటర్వెల్ సీను దొరుకుతుందా?

తర్వాత ఏడో నిజాం దీన్ని అతిథిగృహం చేశారు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి వెళ్ళాక తలుపులు మూసుకున్నాయి. మళ్ళీ తెరిపించడానికి తాజ్ వాళ్ళకి సుమారు పదేళ్ళు పట్టింది. ముకరంజా మాజీ భార్య ఎస్రా దగ్గరుండి పాత హంగులన్నీ బాగు చేయించారు.

ఇక భోజనాల బల్ల సంగతి. ఒక్క బల్ల, 101 కుర్చీలు! ఈ కొస గుసగుసలాడితే ఆ కొసన వినపడుతుందని అంటారు. అంటే ఇక్కడ కూర్చుని పక్కవాళ్ళమీద చాడీలు చెప్పడం ప్రమాదం! 2017 నవంబరులో ప్రధాని మోడీ ఇవాంకా ట్రంప్‌కి విందిచ్చింది ఇక్కడే. సినిమావాళ్ళ సంగతా? సల్మాన్‌ఖాన్ చెల్లెలు అర్పిత పెళ్ళి 2014 నవంబరులో ఈ మేడలోనే జరిగింది.

మామూలు రోజుల్లో 'అదా' అనే రెస్టారెంటులో హైదరాబాదీ భోజనం. పొద్దువాలాక ఖవ్వాలీ కచేరీలు. నన్నడిగితే గుర్రబ్బండి కాస్త అతి, గులాబీ రేకులు మరీ అతి. కాని ఖవ్వాలీ దగ్గర మాత్రం ఆ మాట అనలేం! కింద పాతబస్తీ దీపాలు మిణుకుమిణుకుమంటుంటే, హార్మోనియం అందుకుని చప్పట్లతో గొంతులు లేస్తే, చేతిలో ముద్ద చేతిలోనే వుండిపోతుంది.

బిల్లు మాటేమిటంటారా? ఒక్క పూట ఖర్చుతో మన గ్యాంగంతా పాతబస్తీలో వారంరోజులు బిరియానీ లాగించవచ్చు! పైగా ముందుగా రిజర్వు చేసుకోకపోతే గేటు దాటనివ్వరు. గుట్ట దిగువనున్న బస్తీ పేరూ ఫలక్‌నుమానే. విష్వక్‌సేన్ 2019లో 'ఫలక్‌నుమా దాస్' తీస్తే అందులో హీరో ఈ మేడ నవాబు కాదు, ఆ బస్తీ కుర్రాడు. ఆ కుర్రాళ్ళలో ఎందరు గేటు లోపలికి వెళ్ళి చూశారో!

ఎప్పుడైనా మీకు ఆ యోగం పడితే రేకులు దులుపుకుని ఆ ఫర్నిచరు, గోడలు, కప్పులు కాస్త పరకాయించి చూడండి. 'వి', 'ఓ' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు కలిపి చెక్కి వుంటాయి. వికారుల్ ఉమ్రా పేరులోని పొడి అక్షరాలు. వాటిని నిజాం ప్రభువూ చెరిపించలేదు, తాజ్ వాళ్ళూ చెరపలేదు.