సంధివిభజనమున యంత్రసాహాయ్యము

పాఠశాలలందు సంస్కృతము బోధించు పండితులకు నేఁడు అంతర్జాలమునఁ బెక్కు సాధనములు లభించుచున్నవి. వానిలో హైదరాబాదు విశ్వవిద్యాలయమువారి ‘సంసాధనీ’ ముఖ్యమైనది. పదముల నిచ్చినచో సంధి చేయును, సంహితారూపము నిచ్చినచో విడఁదీయును, విభక్తివచనములను దెలుపును. ‘రామాభ్యామ్’ అని యడిగినచోఁ దృతీయా చతుర్థీ పంచమీ ద్వివచనములను మూఁటిని జూపును.

సంధి చేయుటయు విడఁదీయుటయు సమానములు గావు. మొదటిది సూత్రాధీనము, రెండవది యర్థాధీనము. ఏలయన, అకారమునకుఁ గాని ఆకారమునకుఁ గాని అకారమో ఆకారమో పరమైనచో నేర్పడునది ఆకారమే. కావున నొక దీర్ఘమునకు నాలుగు మూలములు సంభవించును. ‘తస్యాగతిః’ అనుదానిని జూడుఁడు. ‘తస్య ఆగతిః’ అనిన నతని రాక. ‘తస్య అగతిః’ అనిన నతని దిక్కులేనితనము. ‘తస్యాః గతిః’ అనిన, విసర్గలోపముచే, నామె నడక. మూఁడును వ్యాకరణసమ్మతములే. యంత్రము సాధ్యరూపములను జూపఁగలదు గాని, ప్రకరణ మెఱిఁగి యొకదానిని నిర్ణయించువాఁడు గురువే.

కావున బోధనక్రమ మిట్లుండుట మేలు. విద్యార్థి ముందుగా నోటుపుస్తకమునఁ దాను విడఁదీసి సూత్రమును జెప్పవలెను. పిమ్మట యంత్రమున సరిచూచుకొనవలెను. రెంటికి భేదము గనఁబడినచోఁ గారణమును దరగతిలోఁ జర్చింపవలెను. ఈ క్రమము తలక్రిందైనచో శిష్యునకు ఫలము దక్కును గాని ప్రక్రియ యలవడదు.

ఉపాధ్యాయుఁడు మొదట నేర్వవలసినది యూనికోడు లిపిలో టైపుచేయుట. తక్కినది కొన్నిదినముల యభ్యాసము. ఈ సాధనమును ద్రోసిపుచ్చుటయు, దానికే తీర్పు నప్పగించుటయు రెండును శాస్త్రమున కపకారములే.