వార్తల్లో పదం: ఆటోమేటిక్ వెదర్ స్టేషన్

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లపాలైంది. అలాంటి రోజున ఏ మండలంలో ఎంత వాన పడింది, గాలి ఎంత వేగంతో వీచింది అన్నది ఎప్పటికప్పుడు పంపేదే ఆటోమేటిక్ వెదర్ స్టేషన్, పొట్టిగా ఏడబ్ల్యూఎస్.

భవనం, సిబ్బంది ఏమీ ఉండవు. కంచె వేసిన జాగాలో ఒక స్తంభం, దానికి గాలి, ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సర్లు, సోలార్ పలక, బ్యాటరీ, రీడింగులు దాచి పంపే డేటా లాగర్. వాన కొలిచే తీరు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. గరాటులో పడ్డ నీరు అడుగునున్న జంట దోనెల్లో ఒకదాంట్లోకి జారుతుంది. నిండగానే అది ఒరిగి నీళ్లు ఒలకబోస్తుంది, రెండోది పైకి లేస్తుంది. ఒరిగినప్పుడల్లా ఒక లెక్క. గరాటుకు ఆకులు అడ్డుపడ్డాయో, బయట కుండపోత, తెర మీద సున్నా!

పాత వర్షమాపకాన్ని మనిషే వెళ్లి చూడాలి. ఉదయం 8.30కి తీసే లెక్కలో 24 గంటల మొత్తం తెలుస్తుందే గానీ, అది గంటలో కురిసిందో రాత్రంతా కురిసిందో తెలియదు.

ఒక్క స్టేషన్ చాలదు. తెనాలిలో ఎండ కాస్తుంటే రేపల్లెలో జల్లు పడొచ్చు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక తెనాలి గుంటూరు జిల్లాలో, రేపల్లె బాపట్ల జిల్లాలో ఉన్నాయి. వాన ఆ హద్దులు చూసుకోదు కదా. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం తేలేదీ ఈ రీడింగులతోనే. అందుకే స్తంభాలు పాతడం కన్నా గరాటు శుభ్రం చేయడం, సెన్సర్లు సరిచూడటమే అసలు పని.