ఒక్క పోటీకి వేల రూపాయలా?

బాక్సింగ్ ప్రసారం కొనేముందు లెక్క చూసుకోవాలి

భీమవరం: చట్టం నిషేధించినా సంక్రాంతికి డెల్టాలో కోడిపందేల బరుల చుట్టూ జనం చేరడం ఆగలేదు. ఆ బరి చూసినవారికి ఒక సంగతి తెలుసు. పుంజు ఎంత పేరుమోసినదైనా పందెం క్షణంలో ముగిసిపోవచ్చు. డబ్బు చెల్లించి టీవీలో చూసే బాక్సింగ్ పోటీకీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అమెరికాలోని మన కుర్రాళ్లకు పరిచయమైన ఈ ప్రసారాలు ఫోన్ల ద్వారా ఇక్కడి యువతనూ ఆకర్షిస్తున్నాయి. వాటికి సొమ్ము వెచ్చించవచ్చునా అన్నదే ప్రశ్న.

పే పర్ వ్యూ అంటే..

కేబుల్‌కు నెలవారీ రుసుం కడితే ఎన్ని కార్యక్రమాలైనా చూడవచ్చు. పే పర్ వ్యూలో ఒక్క రాత్రి జరిగే పోటీలకు విడిగా చెల్లించాలి. 2015 మే 2న లాస్ వేగాస్‌లో మేవెదర్, పాకియావ్ తలపడినప్పుడు అమెరికాలో హెచ్‌డీ ప్రసారం ధర 99.95 డాలర్లు. అప్పటి మారకపు విలువలో ఇది సుమారు 6,300 రూపాయలు. అయినా 40 లక్షలకు పైగా కొనుగోళ్లు జరిగాయి.

డబ్బు తిరిగి రాదు

ఆ పోటీ 12 రౌండ్లూ చప్పగా సాగి పాయింట్లపై మేవెదర్ గెలిచారు. పాకియావ్‌కు భుజం గాయం ముందే ఉందని తర్వాత వెల్లడైంది. మోసపోయామంటూ ప్రేక్షకులు న్యాయస్థానాలను ఆశ్రయించారు. 2019లో అమెరికా అప్పీళ్ల కోర్టు వారి వాదనను తోసిపుచ్చింది. ప్రేక్షకుడు కొన్నది పోటీని చూసే హక్కునే తప్ప, అది రక్తికడుతుందన్న హామీని కాదన్నది తీర్పు సారాంశం. అంతకు పూర్వం 1995లో జైలు నుంచి విడుదలయ్యాక మైక్ టైసన్ ఆడిన తొలి పోటీ 89 సెకన్లలోనే ముగిసింది.

పేరు ఒకరిది.. పోరు మరొకరిది

2022లో ‘లైగర్’ చిత్రంలో కనిపించిన టైసన్, 2024 నవంబరులో 58 ఏళ్ల వయసులో 27 ఏళ్ల జేక్ పాల్‌తో తలపడ్డారు. నెట్‌ఫ్లిక్స్ చందాదారులు అదనపు రుసుం లేకుండానే దీనిని చూశారు. ఆరంభ రౌండ్ల తర్వాత టైసన్ అలసిపోయి పాయింట్లపై ఓడిపోయారు. ప్రసారం ఆగిపోతోందని ఫిర్యాదులూ వెల్లువెత్తాయి. అయితే అదే వేదికపై కేటీ టేలర్, అమాండా సెరానోల మధ్య జరిగిన హోరాహోరీ పోరు అభిమానులను కట్టిపడేసింది. భారత బాక్సర్ నీరజ్ గోయత్ సైతం అక్కడే విజయం సాధించారు.

గమనించవలసినవి

* బాక్సర్ల వయసు, ఇటీవలి ఫలితాలు, రౌండ్ల సంఖ్య చూడాలి.
* ప్రధాన పోటీకి ముందు ఎవరెవరు తలపడుతున్నారో తెలుసుకోవాలి.
* అమెరికాలో శనివారం రాత్రి జరిగే పోటీ మనకు ఆదివారం ఉదయం వస్తుంది. ఆ వేళకు ఇంట్లో ఇంటర్నెట్ నిలకడగా ఉంటుందా అన్నది ముఖ్యం.
* సొమ్ము వాపసు నిబంధనలు ముందే చదవాలి.
* ఉచిత ప్రసారమంటూ వచ్చే లింకులను నమ్మి ఓటీపీ, యూపీఐ పిన్ చెప్పరాదు. అధికారిక యాప్‌లోనే చెల్లించాలి.

నలుగురు మిత్రులు కలసి చూస్తే భారం తగ్గుతుంది. ఫలితం తెలిస్తే చాలుననుకునేవారికి మరునాటి వార్తలు సరిపోతాయి. తొలి నిమిషంలోనే పోటీ ముగిసినా పోయిన సొమ్ముకు చింతించనివారే కొనడం మేలు.