ఆకాశ మార్గంలో అమానత్

గాలిలో రెక్కలు చాస్తూ, ముడుస్తూ సాగిపోయే పక్షులను గమనించమని దివ్య ఖుర్ఆన్ మానవులకు బోధిస్తున్నది. వాటిని ఆ విధంగా నిలిపి ఉంచేవాడు కరుణామయుడైన అల్లాహ్ తప్ప మరెవరూ కాదని గుర్తు చేస్తున్నది. పక్షికి తన దారి తాను తెలుసుకునే జ్ఞానాన్ని పుట్టుకతోనే ప్రసాదించిన ప్రభువు, మనిషికి బుద్ధినీ దానితోపాటు బాధ్యతనూ ఇచ్చాడు. కనుకనే మనిషి తాను నిర్మించిన విమానాన్ని గాలిలోకి వదిలి ఊరుకోలేడు. దానికి దారి చెప్పేవారు కావాలి. ఆ దారికి మరొక విమానం అడ్డు రాకుండా కనిపెట్టేవారు కావాలి. ఆ పని చేసేవారే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో విమానాశ్రయం లేదు. అయినప్పటికీ ఇక్కడి ముస్లిం కుటుంబాలకు విమాన ప్రయాణం కొత్త కాదు. ఒక ఇంటి కుమారుడు సౌదీలో ఉంటాడు, మరొక ఇంటి అల్లుడు దుబాయిలో ఉంటాడు. తల్లిదండ్రులు హజ్‌కో ఉమ్రాకో బయలుదేరుతారు. వారిని శంషాబాద్ వరకు సాగనంపి, దుఆ చేసి, క్షేమంగా చేరినట్లు ఫోన్ వచ్చేదాకా ఎదురుచూస్తాం. ఈ మధ్యకాలంలో ఆ విమానాన్ని అడుగడుగునా కనిపెట్టుకుని ఉన్నవారు ఎవరో మనలో చాలామందికి తెలియదు. వారి విధులేమిటో, వాటిలో మనం గ్రహించవలసిన పాఠమేమిటో పరిశీలిద్దాం.

ఆగే రైలు, ఆగలేని విమానం

మన ప్రాంతం వారికి రైలు బాగా తెలుసు. జనగామ సికింద్రాబాద్–కాజీపేట మార్గంలోనూ, మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ మార్గంలోనూ ఉన్నాయి. 2024 సెప్టెంబర్ మొదటి రోజున కురిసిన భారీ వర్షాలకు కేసముద్రం–ఇంటికన్నె మధ్య పట్టాల కింది కంకర, మట్టి వరదకు కొట్టుకుపోయిన సంగతి మనకు గుర్తున్నది. అప్పుడు ఆ మార్గంలోని రైళ్లను స్టేషన్లలోనే నిలిపివేశారు. ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు, కాని ప్రాణాలు నిలిచాయి. రైలుకు ప్రమాదం ముంచుకొస్తే ఎర్ర దీపం వెలిగించి ఆపవచ్చు. ఆగిన రైలు క్షేమంగా ఉన్న రైలు.

విమానం విషయం అలా కాదు. గాలిలో ఉన్న విమానం ఆగలేదు. ఆగితే పడిపోతుంది. పెద్ద జెట్ విమానం నిమిషానికి సుమారు 15 కిలోమీటర్లు పోతుంది. అంటే జనగామ నుండి వరంగల్ వరకు ఉన్న దూరం దానికి నాలుగు నిమిషాల ప్రయాణం. ఎదురెదురుగా వచ్చే రెండు విమానాలైతే అదే దూరం రెండు నిమిషాలలో కరిగిపోతుంది. కాబట్టి కంట్రోలర్ ప్రమాదం కనబడిన తరువాత స్పందించేవాడు కాదు, దానిని ముందుగానే ఊహించి దారి మళ్లించేవాడు. ఆయన మొదటి విధి విమానాల మధ్య దూరం కాపాడడం. సాధారణంగా రెండు విమానాల మధ్య ఎత్తులో కనీసం 1000 అడుగుల తేడా ఉండాలి. అది లేనప్పుడు, రాడార్ పర్యవేక్షణలో సాగే మార్గంలో పక్కకు సుమారు 5 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 9 కిలోమీటర్ల ఎడం ఉండాలి. ఈ ఎడాన్ని కాపాడుతూనే విమానాలు అనవసరంగా ఆలస్యం కాకుండా క్రమబద్ధంగా నడపాలి.

చేతులు మారే అమానత్

శంషాబాద్ నుండి జిద్దా వెళ్లే ఒక విమానాన్ని తీసుకుందాం. దానిని మొదటి నుండి చివరి వరకు ఒకే వ్యక్తి నడిపించడు. బయలుదేరక ముందే ఒక కంట్రోలర్ పైలట్‌కు మార్గం, ఎత్తు, రాడార్‌పై గుర్తింపుకు నాలుగంకెల సంఖ్య ఇస్తాడు. విమానం కదిలినప్పుడు నేలపై రాకపోకలు చూసే మరొక కంట్రోలర్, ఇతర విమానాలకూ వాహనాలకూ తగలకుండా దానిని రన్‌వే అంచు వరకు నడిపిస్తాడు. రన్‌వే మాత్రం టవర్‌లో కూర్చున్న కంట్రోలర్ అధీనంలో ఉంటుంది. ఎత్తైన అద్దాల గది నుండి ఆయన కళ్లతో చూసి, రన్‌వే ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకున్న తరువాతనే ఎగరడానికి అనుమతిస్తాడు.

నేల విడిచిన విమానాన్ని అప్రోచ్ కంట్రోలర్ అందుకుంటాడు. పైకెక్కేవాటినీ కిందికి దిగేవాటినీ ఒకదానికొకటి అడ్డురాకుండా చూడడం ఆయన పని. తగిన ఎత్తుకు చేరిన తరువాత సుదూర మార్గాలను చూసే ఏరియా కంట్రోలర్ వంతు వస్తుంది. మన దేశ గగనతలాన్ని ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై అనే నాలుగు ప్రధాన సమాచార ప్రాంతాలుగా విభజించారు. హైదరాబాద్ చెన్నై ప్రాంతం పరిధిలోకి వస్తుంది. విమానం పడమరకు సాగినకొద్దీ ముంబై వారు అందుకుంటారు. అరేబియా సముద్రంపై రాడార్ అందని చోట దూరశ్రవణ రేడియో ద్వారానో, ఉపగ్రహ సందేశాల ద్వారానో అది ఎక్కడున్నదో తెలుసుకుంటూ, విమానాల మధ్య ఎడం మరింత పెంచుతారు. సముద్రం దాటాక అరబ్బు దేశాల కంట్రోలర్లు స్వీకరించి, చివరకు జిద్దా టవర్ దానిని నేలకు దించుతుంది.

ఇక్కడ గమనించవలసిన నియమం ఒకటున్నది. తరువాతివాడు అందుకునే వరకు ముందువాడు చేయి వదలకూడదు. షిఫ్టు ముగిసినా, వచ్చినవానికి పరిస్థితి మొత్తం వివరించి, అతడు అర్థం చేసుకున్నాడని తేలిన తరువాతనే కుర్చీ దిగాలి. భూపాలపల్లి సింగరేణి గనులలో షిఫ్టులు చేసే కుటుంబాలకు ఈ మాట విలువ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అమానతులను వాటి హక్కుదారులకు సక్రమంగా అప్పగించమని అల్లాహ్ ఆదేశించాడు. అప్పగింత అంటే వదిలించుకోవడం కాదు, అవతలి చేతికి చేరిందని నిర్ధారించుకోవడం.

మాట తిరిగి వినడం

హిఫ్జ్ తరగతిలో ఉస్తాదు చెప్పిన సబక్‌ను విద్యార్థి తిరిగి వినిపిస్తాడు. ఒక్క అక్షరం, ఒక్క స్వరం మారినా ఉస్తాదు ఆపి సరిదిద్దుతాడు. ఎందుకంటే స్వరం మారితే అర్థమే మారిపోవచ్చు. కంట్రోలర్ వృత్తిలోనూ అచ్చంగా ఇదే పద్ధతి ఉన్నది. ఆయన చెప్పిన ఎత్తు, దిశ, రన్‌వే సంఖ్య పైలట్ మళ్లీ పలికి వినిపించాలి. ఆ పలికినది సరిగా ఉన్నదో లేదో వినడం కంట్రోలర్ విధి. వినకపోతే తప్పు ఇద్దరిదీ అవుతుంది. అంకెలను పలికే తీరు కూడా నిర్ణీతమే. ‘నైన్’ అనే మాట మరొక మాటగా వినబడకూడదని ‘నైనర్’ అంటారు.

ఈ జాగ్రత్తలు ఊరికే పుట్టినవి కావు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ ద్వీపంలో దట్టమైన పొగమంచులో రెండు భారీ విమానాలు రన్‌వేపైనే ఢీకొని 583 మంది మరణించారు. ఎగరడానికి అనుమతి లభించిందని ఒక పైలట్ పొరబడడమే అందుకు ముఖ్య కారణం. ఆ తరువాత ‘టేకాఫ్’ అనే మాటను, ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు లేదా రద్దు చేసేటప్పుడు తప్ప ఇతర సందర్భాలలో వాడరాదని నియమం వచ్చింది.

మన దేశంలో జరిగిన దుర్ఘటన గల్ఫ్ కుటుంబాలకు మరింత దగ్గరిది. 1996 నవంబర్ 12 సాయంత్రం ఢిల్లీ నుండి బయలుదేరిన సౌదీ విమానం, ఢిల్లీకి వస్తున్న కజకిస్థాన్ విమానం హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద గాలిలో ఢీకొన్నాయి. రెండింటిలోని 349 మందీ మరణించారు. సౌదీ విమానంలో ఉన్నవారిలో పొట్టకూటి కోసం గల్ఫ్ బయలుదేరిన కార్మికులు అనేకులు. సౌదీ విమానానికి 14,000 అడుగులు, ఎదురుగా వచ్చేదానికి 15,000 అడుగులు అని కంట్రోలర్ స్పష్టంగా నిర్దేశించాడు. ఎదురుగా విమానం ఉన్నదని హెచ్చరించాడు కూడా. కాని వచ్చే విమానం చెప్పిన ఎత్తున నిలవక కిందికి జారింది. జస్టిస్ లహోటి నేతృత్వంలోని విచారణ సంఘం ఆ విమాన సిబ్బందినే బాధ్యులుగా తేల్చింది. అయినా వ్యవస్థ అంతటితో చేతులు దులుపుకోలేదు. అప్పట్లో ఢిల్లీ రాడార్ విమానం ఎత్తును చూపలేకపోయేది. వచ్చే, పోయే విమానాలకు ఒకే దారి ఉండేది. తరువాత ఎత్తు చూపే రాడార్, వేర్వేరు దారులు వచ్చాయి. ఎదుటి విమానాన్ని పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే పరికరాన్ని తప్పనిసరి చేశారు.

ఒక్కడి భుజాలపై మోపరాదు

2002 జూలై 1 రాత్రి జర్మనీలోని ఉబర్లింగన్ పట్టణం మీద రెండు విమానాలు ఢీకొని 71 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో 52 మంది పిల్లలు. వారిలో అధికులు ముస్లిములు గణనీయంగా నివసించే బష్కోర్తోస్తాన్ నుండి విహారయాత్రకు బయలుదేరినవారు. ఆ గగనతలాన్ని చూసే జూరిచ్ కేంద్రంలో ఆ రాత్రి ఒకే కంట్రోలర్ రెండు స్థానాల పని చూస్తున్నాడు. మరమ్మతుల కారణంగా హెచ్చరిక వ్యవస్థ పూర్తిగా పనిచేయడం లేదు, ప్రధాన ఫోన్ లైను కూడా అందుబాటులో లేదు. ప్రమాదాన్ని ఆయన ఆలస్యంగా గుర్తించాడు. 2007లో స్విస్ న్యాయస్థానం ఆ సంస్థకు చెందిన నలుగురు నిర్వాహకులను దోషులుగా నిర్ధారించింది.

మీలో ప్రతి ఒక్కరూ కాపరులేననీ, తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ ప్రశ్నించబడతారనీ దైవప్రవక్త (స) బోధించారు. కుర్చీలో కూర్చున్నవాడు ఒక కాపరి. అతనిని ఆ కుర్చీలో ఒంటరిగా వదిలిన అధికారి కూడా కాపరియే. అలసిన మనిషి చేత పని చేయించడం అమానత్‌లో ద్రోహం. అందుకే కంట్రోలర్ల పని గంటలకూ విరామాలకూ పరిమితులు నిర్ణయించారు. నిద్ర చాలనప్పుడు, ఆరోగ్యం బాగా లేనప్పుడు ఆ సంగతి పైవారికి చెప్పడం వారి విధులలో భాగం. మన ఇండ్లలో రాత్రంతా మేల్కొని వాహనం నడిపే కుమారులు కూడా ఈ నియమాన్ని గుర్తుంచుకోవాలి.

ఆపద వేళ చేయవలసిన పని మరొకటి. పైలట్ ‘మేడే’ అని మూడుసార్లు పిలిస్తే, ఆ విమానానికి అన్నింటికంటే ముందు దారి ఇవ్వాలి. అగ్నిమాపక దళాన్నీ అంబులెన్సులనూ సిద్ధపరచాలి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం నుండి ఆ పిలుపు వినగానే కంట్రోలర్ బదులు పలికాడు. అవతల నుండి జవాబు రాలేదు. విమానం కూలడం చూసి వెంటనే సహాయ బృందాలను కదిలించాడు. కొన్నిసార్లు విధి అంతవరకే. ఆపైన నిర్ణయం అల్లాహ్‌ది.

తవక్కుల్, నమాజు, విధి

‘అంతా విధిరాత అయినప్పుడు ఇన్ని జాగ్రత్తలెందుకు?’ అని కొందరు అడుగుతూ ఉంటారు. ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భరోసా ఉంచమని ప్రవక్త (స) ఒక గ్రామీణునికి నేర్పారు. రాడార్, రేడియో, నియమం, విరామం, ఇవన్నీ ఆ కట్టుతాడులే. తాడు కట్టకుండా చేసే భరోసా తవక్కుల్ కాదు, నిర్లక్ష్యం.

ఇటువంటి ఉద్యోగాలలో నమాజు మాటేమిటని కూడా యువకులు మమ్మల్ని అడుగుతారు. నమాజు సమయానికి ఆరంభం, అంతం ఉన్నాయి. ఆ వ్యవధిలో విరామం దొరికినప్పుడు, స్థానాన్ని మరొకరికి అప్పగించి నెరవేర్చుకోవచ్చు. అప్పగించకుండా లేవడం మాత్రం ధర్మసమ్మతం కాదు. అంధుడు బావిలో పడబోతుంటే నమాజును మధ్యలో ఆపి అయినా అతనిని కాపాడాలని ఫుఖహాలు స్పష్టం చేశారు. ఒక్క ప్రాణానికే అంత విలువ ఉంటే, వందల ప్రాణాలు ఎవరి మాట మీద ఆధారపడి ఉన్నాయో అతని బాధ్యత ఎంతటిది!

మన పిల్లల కోసం

వరంగల్ సమీపంలోని మామునూరులో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1930లో విమానాశ్రయం వెలసింది. 1981 తరువాత అది మూతపడింది. దాని పునరుద్ధరణకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో 253 ఎకరాల భూసేకరణ నిమిత్తం 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2025 ఫిబ్రవరి చివరిలో కేంద్ర ప్రభుత్వ అనుమతి వెలువడింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలకు అది రమారమి 60–70 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. విమానాశ్రయం వస్తే టాక్సీలు, దుకాణాలు వస్తాయని మనవారు లెక్కలు వేస్తున్నారు. అది తప్పు కాదు. కాని టవర్‌లో కూర్చునేది ఎవరి పిల్లలు అని కూడా ఆలోచించాలి.

కంట్రోలర్లను భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నియమిస్తుంది. భౌతికశాస్త్రం, గణితంతో బీఎస్సీ గాని, ఆ రెండు విషయాలూ చదివిన ఇంజనీరింగ్ పట్టా గాని ఉండాలి. వయస్సు సాధారణంగా 27 ఏళ్లు మించరాదు, అర్హులైన వర్గాలకు సడలింపు ఉంటుంది. కంప్యూటర్ ద్వారా రాత పరీక్ష, ఆపైన స్వర పరీక్ష, మానసిక, వైద్య పరీక్షలు, మత్తు పదార్థాల వాడకం లేదని నిర్ధారించే పరీక్ష ఉంటాయి. ప్రయాగ్‌రాజ్‌లోను, హైదరాబాద్ బేగంపేటలోను శిక్షణ కేంద్రాలున్నాయి. దేశంలో ఎక్కడికైనా బదిలీ కావచ్చు, రాత్రి షిఫ్టులు తప్పవు. మహిళలు కూడా ఈ విధులు నిర్వహిస్తున్నారు. ఆంగ్లం రాదని ఉర్దూ, తెలుగు మాధ్యమం పిల్లలు వెనుకాడనవసరం లేదు. ఇక్కడ కావలసింది అలంకారాల ఆంగ్లం కాదు, తడబడని స్పష్టమైన ఆంగ్లం. అది సాధనతో వస్తుంది. ఇంటర్‌లో గణితం వదిలేసే ముందు తల్లిదండ్రులు పిల్లలతో ఒకసారి కూర్చుని మాట్లాడాలి.

పదవి అర్హత లేనివారి చేతికి పోతే ప్రళయం కోసం ఎదురుచూడమని ప్రవక్త (స) హెచ్చరించారు. అర్హతను సంపాదించడం, అర్హత లేని చోట తప్పుకోవడం, రెండూ విశ్వాసి లక్షణాలే. ఇకపై మన ఆత్మీయులను విమానం ఎక్కించి ప్రయాణ దుఆ చేసేటప్పుడు, పేరు తెలియని ఆ కాపరులను కూడా దుఆలో చేర్చుకుందాం. వారి చెవులకు స్పష్టతను, కళ్లకు మెలకువను, మనస్సులకు నెమ్మదిని అల్లాహ్ ప్రసాదించుగాక! మనకు అప్పగించిన అమానతులను, అవి ఎంత చిన్నవైనా సరే, మధ్యలో వదలకుండా అవతలి చేతికి చేర్చే భాగ్యాన్ని మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.