అతిధ్వని యంత్రాలు ధాన్యపు కొట్టుకు రక్షణ కల్పించగలవా?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు మాట వినిపించడం వింత కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారు ఉద్యోగార్థం అక్కడికి వెళ్ళి స్థిరపడినారు. స్వగ్రామంలో నాలుగెకరాలు నిలుపుకొని, ఏటా పంట సమయానికి వచ్చి వెళ్ళే కుటుంబాలూ వారిలో ఉన్నాయి. ఖరగ్‌పూర్ గోల్‌బజారులో దుకాణం పెట్టుకున్న వర్తకునికైనా, పాలకొండ దగ్గర ధాన్యం నిలువ చేసుకున్న రైతుకైనా బాధ ఒక్కటే. అది ఎలుకల బాధ.

ఈ బాధకు విరుగుడుగా కొంతకాలంగా ఒక చిన్న యంత్రం అమ్మకానికి వస్తున్నది. గోడకున్న ప్లగ్గులో అమర్చితే చాలునట. మన చెవికి వినబడని ధ్వనిని వెలువరించి ఎలుకలను, బొద్దింకలను, దోమలను, బల్లులను తరిమివేస్తుందట. విషం లేదు, వాసన లేదు, చచ్చిన ఎలుకను వెదకి పారవేసే పని లేదు. వినడానికి ఇంపుగానే ఉన్నది. అయితే నిలువ ఉన్న ధాన్యం తాకట్టుపై మీరు ఋణం తీసుకొని ఉంటే, ఆ ధాన్యం తరుగు మీ ఋణభారాన్ని పెంచుతుంది. కనుక కొనేముందు ఈ యంత్రం చేసే పని ఏమిటో, చేయలేనిది ఏమిటో తెలుసుకోవడం అవసరం.

యంత్రం పనిచేసే విధానం

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుండి 20,000 హెర్ట్జ్ వరకు గల ధ్వనులను గ్రహిస్తుంది. అంతకు మించిన పౌనఃపున్యం గల ధ్వనులను అతిధ్వనులు అంటారు. కొన్ని స్ఫటికాలను ఒత్తితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనుగొన్నారు. అందుకు విపర్యయంగా, విద్యుత్తును ప్రయోగిస్తే అటువంటి పదార్థాలు కంపిస్తాయి. యంత్రంలోని చిన్న వలయం సెకనుకు వేల పర్యాయాలు విద్యుత్తును మారుస్తుంది; పింగాణీ వంటి పలుచని బిళ్ళ ఆ లెక్కనే కంపించి అతిధ్వనిని వెలువరిస్తుంది. దీనిలో మోసమేమీ లేదు. ధ్వని పుట్టడం నిజమే. ఆ ధ్వని ఎవరికి వినబడుతుంది, ఎంతదూరం పోతుంది, విన్న ప్రాణి ఎన్నాళ్ళు భయపడుతుంది అనేవే అసలు ప్రశ్నలు.

ఎలుక చెవి

ఎలుకలకు ఈ ధ్వనులు వినబడతాయి. వాటి శ్రవణశక్తి 70 కిలోహెర్ట్జ్‌కు పైగా ఉంటుంది. ప్రమాదం తోచినప్పుడు పెద్ద ఎలుకలు 22 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో కూతలు పెడతాయి. తల్లిని పిలిచే ఎలుక పిల్లల కూత కూడా మన చెవికి అందనిదే. కనుక యంత్రం వెనుకనున్న ఊహ నిరాధారం కాదు.

ఇచ్చట పందికొక్కును గూర్చి ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఆంగ్లంలోని 'బాండికూట్' అన్న మాట మన 'పందికొక్కు' నుండి పుట్టినదే. పొలాలకు, గోదాములకు తీవ్రనష్టం కలిగించే చిన్న పందికొక్కు శాస్త్రీయ నామం బాండికోటా బెంగాలెన్సిస్. తెలుగు మాట, బెంగాల్ పేరు అందులో కలిసి ఉన్నాయి. కలకత్తాలోని ఈ జాతిపై స్పిల్లెట్ అనే శాస్త్రజ్ఞుడు చేసిన పరిశోధన 1968లో గ్రంథరూపంలో వెలువడినది. ఈ జంతువు నేలలో బొరియలు తవ్వి, గింజలను లోపలికి చేరవేసి దాచుకుంటుంది. గదిలో మ్రోగే ధ్వని దాని బొరియలోనికి చేరదు.

ఎందుకు విఫలమవుతున్నది?

మొదటి కారణం ధ్వని స్వభావం. ఖరగ్‌పూర్ స్టేషనులోని 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఎన్నో ఏళ్ళు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొందినది. దాని ఒక కొసన ఇంజను కూత వేస్తే రెండవ కొసనున్న వారికి వినబడుతుంది. అతిధ్వనికి ఆ శక్తి లేదు. 40 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు ఒక సెంటీమీటరు కూడా ఉండదు. గాలిలోనే అది త్వరగా క్షీణిస్తుంది. గోడను దాటలేదు, బస్తాలను చొచ్చుకొని పోలేదు. ఖాళీ గదిలో జరిపిన ప్రదర్శన చూచి, బస్తాలతో నిండిన కొట్టులోనూ అదే ఫలితం ఉంటుందని తలచడం పొరపాటు. ప్రతి నెట్టు వెనుక, ప్రతి మూలలో నిశ్శబ్దమైన నీడ మిగిలిపోతుంది. ఎలుకకు కావలసినది అటువంటి చోటే.

రెండవ కారణం అలవాటు. కొత్త ధ్వనికి ఎలుక తొలుత బెదరుతుంది. ఆ ధ్వని వలన తనకు హాని లేదని, ఎదుట తిండి ఉన్నదని గ్రహించిన కొద్దిరోజులకే తిరిగి వస్తుంది. రైలు పట్టాల ప్రక్కనే నిద్రపోయే రైల్వే కుటుంబాల వారికి ఈ సంగతి వివరించనక్కర లేదు. యంత్రం కొన్న మొదటి వారంలో కనిపించే ఫలితాన్ని చూచి మెచ్చుకొని, అటుపై ఎలుకల జాడను గమనించకపోవడం వలననే నష్టం పెరుగుతుంది.

అమెరికాలో వాణిజ్య ప్రకటనలపై నిఘా ఉంచే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లో ఇటువంటి యంత్రాల తయారీదారులు, విక్రేతలు 60 మందికి పైగా హెచ్చరికలు పంపినది. శాస్త్రీయమైన ఆధారం లేనిదే ఫలితాలను ప్రకటించరాదని వాటి సారాంశం.

దోమలు, బొద్దింకల మాట

దోమ తన స్పర్శశృంగాలతో ధ్వనిని గ్రహిస్తుంది. అయితే అది గ్రహించేది తోటి దోమల రెక్కల చప్పుడు వంటి తక్కువ పౌనఃపున్యాలను మాత్రమే. ధ్వనితో దోమలను తరిమే యంత్రాలపై ఆరుబయట జరిగిన 10 పరీక్షలను 2007లో కాక్రేన్ సమీక్ష పరిశీలించింది. మనిషిపై వ్రాలే దోమల సంఖ్య ఈ యంత్రాల వలన తగ్గినట్లు ఆధారం కనిపించలేదు. మలేరియా, డెంగ్యూ ఉన్నచోట దోమతెరను తీసివేసి యంత్రాన్ని నమ్ముకోవడం ప్రాణాపాయం. బొద్దింకలపై కూడా ఈ యంత్రాలు ఉపయోగపడినట్లు పరీక్షలలో తేలలేదు.

అట్లని ధ్వనికి ఎక్కడా ప్రయోజనం లేదని కాదు. గబ్బిలాల అతిధ్వనిని వినగల చెవులు అనేక జాతుల రెక్కల పురుగులకు ఉన్నాయి. ఆ ధ్వని వినగానే అవి దారి మార్చి తప్పించుకుంటాయి. ఈ గుణాన్ని పంట రక్షణకు వినియోగించే పరిశోధనలు పలుదేశాలలో జరిగాయి. ఈశాన్య సరిహద్దు రైల్వేవారు పట్టాలపైకి ఏనుగులు రాకుండా తేనెటీగల ఝంకారాన్ని వినిపించే పరికరాలను అమర్చారు. ఏ ప్రాణి ఏ ధ్వనికి నిజంగా భయపడుతుందో ఎరిగి చేసిన ప్రయత్నాలివి. అన్ని ప్రాణులకు ఒకే యంత్రమన్నప్పుడే మనం అనుమానించాలి.

మీరు చేయవలసినవి

ఆ సొమ్మును ముందుగా కొట్టు మరమ్మతుకు ఖర్చు చేయండి. 6 మిల్లీమీటర్ల సందు ఉన్నా చిట్టెలుక దూరగలదు. తలుపు అడుగున రేకు కొట్టించండి, కిటికీలకు, తూములకు ఇనుప జాలీ బిగించండి, పగుళ్ళను సిమెంటుతో పూడ్పించండి. బస్తాలను చెక్క దిమ్మలపై, గోడకు సుమారు రెండడుగుల ఎడంగా పేర్చండి. రాలిన గింజలను ఏరోజుకారోజు ఊడ్పించండి. కొట్టు చుట్టూ చెత్త, పొదలు ఉండనీయకండి.

బోనులు, బుట్టలు ఎలుకలు తిరిగే దారిలో గోడవారగా ఉంచాలి. మందు ఎర అవసరమైతే వ్యవసాయాధికారి సలహాపై మాత్రమే వాడండి. జింక్ ఫాస్ఫైడ్ వాడేముందు రెండు మూడు రోజులు మందు కలపని ఎర పెట్టి అలవాటు చేయకుంటే ఎలుకలు దానిని ముట్టవు. మందును ధాన్యానికి, పిల్లలకు, పశువులకు దూరంగా ఉంచడం మరువరాదు. ఒక్క కొట్టులో నివారించి ఊరుకుంటే ప్రక్క కొట్టులోనివి వచ్చి చేరుతాయి. కనుక ఊరివారంతా ఒకేసారి పూనుకోవడం మేలు.

యంత్రాన్ని ఇదివరకే కొన్నవారు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. రాత్రి ఎలుకలు తిరిగే చోట పలుచగా పిండి చల్లి, ఉదయం అడుగుజాడలను లెక్కించండి. యంత్రం లేకుండా ఒక వారం, యంత్రంతో మూడు వారాలు ఈ లెక్కను వ్రాసిపెట్టుకోండి. మూడవ వారపు లెక్కనే ప్రమాణంగా తీసుకోండి. ప్రకటనకు, ఫలితానికి పొంతన లేకుంటే రసీదుతో అమ్మినవారిని అడగండి. వారు వినకుంటే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫిర్యాదు చేయవచ్చు.

ఇంటి కొట్టు రక్షణకు లొంగనంత శిథిలమైనదైతే, గుర్తింపు పొందిన గోదాములో ధాన్యం నిలువ చేసి, గోదాము రసీదుపై ఋణం పొందే విషయాన్ని మీ శాఖలో విచారించండి. కొట్టు మరమ్మతుకు ఎంత అవుతుందో, గోదాము అద్దె ఎంతో లెక్క వేసుకొని వస్తే మీకు ఏది లాభమో అక్కడే తేలుతుంది.