చెయ్యి ఒక్కటే... అడిగేవాళ్లు వందమంది!

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో లైట్లన్నీ ఆపేశారు. ముందుగదిలో బల్ల కింద నుంచి మాత్రం 'కర్ర్... కర్ర్'మని ఒకటే చప్పుడు. 'ఏరా, ఎలుకేమన్నా దూరిందా?' అంటుంది నాన్నమ్మ. 'ఎలుక కాదు నాన్నమ్మా, కంప్యూటరు' అంటాడు మనవడు. మూడొందల టొరెంట్లు పెట్టి వదిలేశాడు మరి! ఇంటికున్నది 100 మెగాబిట్ల ఫైబర్ కనెక్షన్. అంటే సెకనుకి 12 మెగాబైట్ల దాకా బయటికి పంపొచ్చు. తీరా చూస్తే ఒక్క మెగాబైటు దగ్గరే కొట్టుకుంటోంది. ఇంటర్నెట్ వాళ్లకి ఫోన్ చేస్తే 'మా లైను బాగానే ఉందండీ' అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. జబ్బు లైనులో లేదు. నాన్నమ్మ చెవికి ఎలుకలా వినిపించిందే, అక్కడుంది.

ఈ నాన్నమ్మా మనవడూ ఊహే కావచ్చు. కానీ వందల టొరెంట్లను ఒకేసారి పంచే ఇల్లు ఏ దేశంలో ఉన్నా అక్కడ జరిగే కథ ఇదే.

విత్తనం దాచినవాళ్లు

టొరెంట్ అనగానే చాలామందికి దొంగ సినిమాలే గుర్తొస్తాయి. హక్కులున్న సినిమాని అలా పంచితే నేరమే, అందులో రెండో మాట లేదు. కానీ పద్ధతిలో తప్పు లేదు. ఒకే సర్వరు మీద భారమంతా పడకుండా, పెద్ద ఫైలుని తీసుకునేవాళ్లే ఒకరికొకరు ముక్కలుగా అందించుకునేలా 2001లో బిట్‌టొరెంట్‌ని తయారుచేశాడు అమెరికన్ ప్రోగ్రామర్ బ్రామ్ కోహెన్. ఉబుంటు, డెబియన్ లాంటి ఉచిత లినక్స్‌లు ఈనాటికీ టొరెంట్లుగా దొరుకుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 ఆగస్టులో పది లక్షలకు పైగా టొరెంట్లని అందుబాటులోకి తెచ్చింది. 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు కూడా ఆ ఆర్కైవ్‌లో బోలెడున్నాయి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్లు దాటాక ఆయన పుస్తకం అందరిదీ.

ఫైలు మొత్తం దగ్గరున్నవాళ్లు, అడిగినవాళ్లకి దాన్ని ముక్కముక్కగా అందిస్తూ ఉండటమే సీడింగ్. అలా అందించేవాళ్లు సీడర్లు. బాగా గిరాకీ ఉన్న ఫైలుకి వేలమంది సీడర్లుంటారు. ఒకరు మానేసినా నష్టంలేదు. ఏ పాత సాఫ్ట్‌వేరుకో ఎవరికీ పట్టని పత్రికల కట్టకో మాత్రం ఆఖరికి ఒక్కరే మిగలొచ్చు. ఆ ఒక్కరి డిస్కూ ఊపిరాడక కొట్టుకుంటుంటే? ఎక్కడో ఒకరు 99 శాతం దగ్గర ఆగిపోయి రోజులతరబడి ఎదురుచూస్తుంటారు. సీడర్ ఉన్నట్టు తెరమీద కనిపిస్తూనే ఉంటుంది. చివరి ముక్క మాత్రం రాదు!

చెంచాడు జీలకర్ర

హార్డ్‌డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్లాలు గిర్రున తిరుగుతుంటాయి. పక్కనే ఒక చెయ్యి. దాని కొసల్లో సమాచారాన్ని చదివే హెడ్లు. హెడ్లు ఎన్నున్నా భుజం ఒక్కటే కాబట్టి అన్నీ కలిసే కదలాలి. కావలసిన వరుస మీదకి చెయ్యి చేరడానికి దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది. చేరాక కావలసిన చోటు తిరిగి తిరిగి హెడ్డు కిందకి రావాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కులో ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. సగటున సగం చుట్టు ఆగాలనుకుంటే మరో 4. మొత్తం 13 మిల్లీసెకన్లు. అంటే ఎంత పరుగెత్తినా సెకనుకి 75 చోట్లకి మించి వెళ్లలేదు.

పండగ ముందురోజు కిరాణా కొట్టుని గుర్తుతెచ్చుకోండి. లోపల గుమాస్తా ఒక్కడే. ఒకాయన వచ్చి బియ్యం బస్తా అడిగితే ఒక్క నడకలో పనైపోతుంది. అలా కాకుండా వందమంది మూగి, ఒకరు చెంచాడు జీలకర్ర, ఇంకొకరు చిటికెడు పసుపు, మరొకరు నాలుగు లవంగాలు అడిగితే? గుమాస్తా సాయంత్రం దాకా ఒక్క క్షణం కూర్చోడు. గల్లాపెట్టె మాత్రం నిండదు.

టొరెంట్‌లో జరిగేది అచ్చం ఇదే. అవతలివాళ్లు ఒక్కోసారి అడిగేది 16 కిలోబైట్లే. పైగా ఫైలుని మొదటినుంచి చివరిదాకా వరసగా అడగరు. అందరికన్నా తక్కువమంది దగ్గరున్న ముక్కల్ని ముందు అడగడం దీని పద్ధతి. ఒకరు మొదట్లోది, ఒకరు మధ్యలోది, ఇంకొకరు వేరే ఫైలులోది అడుగుతారు. సెకనుకి 75 నడకలు, నడకకి 16 కిలోబైట్లు... గుణిస్తే 1.2 మెగాబైట్లు. ఫైబర్ లైనులో పదోవంతు! అదే డిస్కు ఒక్క పెద్ద ఫైలుని వరసగా చదివితే సెకనుకి 150 మెగాబైట్లు అలవోకగా ఇచ్చేస్తుంది.

డిస్కు మరీ అమాయకురాలేం కాదు. వచ్చిన చీటీల్లో 32 దాకా చేతపట్టుకుని, దారిలో ఏది ముందొస్తే అది తీసే తెలివి ఇప్పటి డిస్కులకుంది. దానివల్ల కొంత నయం. కానీ భుజం ఒక్కటే కదా.

ఇక్కడ తమాషా ఒకటుంది. ప్రపంచంలో మొదటి హార్డ్‌డిస్కు యంత్రాన్ని ఐబీఎం 1956లో తెచ్చింది. పేరు రామాక్. 24 అంగుళాల పళ్లాలు 50 ఉండేవి. అన్నీ కలిపి దాచగలిగింది సుమారు 50 లక్షల అక్షరాలు. కావలసిన చోటికి చెయ్యి వెళ్లడానికి సగటున 600 మిల్లీసెకన్లు పట్టేది. ఇప్పుడు 20 టెరాబైట్ల డిస్కు దొరుకుతోంది. అంటే గోదాము 40 లక్షల రెట్లు పెరిగింది. గుమాస్తా నడక వేగం పెరిగింది మాత్రం 45 రెట్లే! పెద్ద డిస్కు కొంటే సీడింగ్ బాగుపడుతుందనుకునేవాళ్లు గమనించాల్సిన లెక్క ఇది. ఒకే చెయ్యి మీద ఇంకా ఎక్కువ సరుకు పేర్చినట్టే అవుతుంది.

నాడి పట్టేదెలా?

విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిస్తే డిస్క్ అన్న పేజీ ఉంటుంది. అందులో డిస్కు 100 శాతం పనిలో ఉన్నట్టు చూపిస్తూ, చదువుతున్న వేగం మాత్రం ఒకటి రెండు మెగాబైట్లే ఉంటే అనుమానం అక్కర్లేదు, చెయ్యి అలిసిపోతోంది. క్యూ పొడవు అన్న అంకె ఒకటి రెండు దగ్గర ఉండాల్సింది పదులు దాటిపోతే అదీ గుర్తే. లినక్స్‌లో 'ఐయోస్టాట్' ఇదే సంగతి చెబుతుంది. మ్యూటొరెంట్ అయితే కిందిపట్టీలో 'డిస్క్ ఓవర్‌లోడెడ్ 100%' అని మొహమాటం లేకుండా చెప్పేసేది.

తర్వాత టొరెంట్లన్నీ ఆపేసి ఒక పెద్ద ఫైలుని వేరే డిస్కులోకి కాపీ చెయ్యాలి. వేగం వంద మెగాబైట్ల పైన వస్తే ఆ డిస్కు ఆరోగ్యానికి ఢోకా లేనట్టే, తిప్పటే దాన్ని చంపుతోంది. ఒంటరిగా ఉన్నప్పుడూ ఈడుస్తుంటే మాత్రం సెట్టింగ్‌ల జోలికి పోకూడదు. ముందు స్మార్ట్ రిపోర్టు చూడాలి. డిస్కు తన ఒంట్లో పాడైన చోట్లని తానే లెక్క రాసిపెట్టుకునే చిట్టా అది. ఉచిత సాఫ్ట్‌వేర్లు దాన్ని చదివి చూపిస్తాయి. పాడై వేరేచోటికి మార్చిన సెక్టార్లు, చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు పెరుగుతున్నాయంటే డిస్కుకి రోజులు దగ్గరపడినట్టే. ఆ రాత్రి చెయ్యాల్సింది సీడింగ్ కాదు, కాపీ. ఆ ఫైలుకి లోకంలో మిగిలిన సీడర్ ఆ ఒక్కరే అయితే మరీనూ.

కరెంటు పోయి వచ్చాక కొన్నిసార్లు సాఫ్ట్‌వేరు ఫైళ్లన్నింటినీ మొదటినుంచి సరిచూసుకుంటుంది. అది గంటలు పట్టే పని. అప్పటి నెమ్మదిని జబ్బనుకోకూడదు. యాంటీవైరస్ అదే డిస్కుని తడుముతున్నా ఇంతే.

తగ్గిస్తే పెరుగుతుంది!

అన్నింటికన్నా పనికొచ్చే మందు వినడానికి విడ్డూరంగా ఉంటుంది. ఎక్కువమందికి అందాలంటే ఒకేసారి ఇచ్చేవాళ్లని తగ్గించాలి. మూడొందల టొరెంట్లున్నా ఎవరూ అడగనివి డిస్కుకి బరువు కాదు. అడిగేవాళ్లే బరువు. టొరెంట్‌కి నలుగురి చొప్పున అప్‌లోడ్ స్లాట్లు ఇస్తే 300 టొరెంట్లకి 1200 మంది! మొత్తం మీద పాతికో ముప్ఫయ్యో చాలని పరిమితి పెడితే, ఒక్కొక్కరూ ఒకే ముక్కలోంచి వరసగా తీసుకుంటారు. మిగతావాళ్లు వంతు కోసం ఆగుతారు. అప్పుడు ఒక్క నడకలో 16 కిలోబైట్లు కాకుండా ఒక మెగాబైటు తెచ్చి మెమరీలో పెట్టుకుంటే? నడకకి 13, చదవడానికి 7... 20 మిల్లీసెకన్లు. సెకనుకి 50 మెగాబైట్లు! అదే డిస్కు, అదే చెయ్యి. ఇంట్లో లైను దానికి చాలక చిన్నదైపోతుంది.

ఆ మెమరీనే డిస్క్ క్యాష్ అంటారు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో దాని సైజు పెంచుకునే సెట్టింగ్ ఉంటుంది. కొత్తవాటిలో కొన్ని ఆ పనిని విండోస్‌కో లినక్స్‌కో వదిలేశాయి. వాటికి కంప్యూటర్లో ర్యామ్ ఖాళీగా ఉంటే చాలు.

డౌన్‌లోడ్లు ఒక డిస్కులో, సీడింగ్ ఇంకో డిస్కులో పెట్టుకుంటే ఒకరి దారికి ఒకరు అడ్డురారు. ముందుగా చోటు కేటాయించకుండా దించిన ఫైళ్లు డిస్కంతా చెదిరిపోయి ఉంటాయి. ఒకసారి వేరే డిస్కులోకి కాపీ చేసి మళ్లీ తెచ్చిపెడితే సర్దుకుంటాయి. గిరాకీ ఎక్కువున్న నాలుగైదింటిని ఎస్ఎస్‌డీలోకి మార్చడం మరీ మంచిది. అందులో చెయ్యే ఉండదు కాబట్టి సెకనుకి వేలల్లో అడిగినా పలుకుతుంది. అన్నింటినీ ఎస్ఎస్‌డీలో పెట్టడమంటారా, టెరాబైట్ల లెక్కన జేబు ఒప్పుకోవాలి. డబ్బు పెట్టక్కర్లేని మందు స్లాట్ల తగ్గింపే.

ఆ మనవడూ అదే చేశాడనుకుందాం. 1200ని 30కి దించాడు. పది నిమిషాల్లో క్యూ అంకె రెండుకొచ్చింది. అప్‌లోడ్ గీత పైకి లేచింది. 99 దగ్గర వేలాడుతున్న ఎవరో ఒకరి పక్కన 100 పడింది. పక్కగదిలో నాన్నమ్మ అటు తిరిగి పడుకుంటూ 'ఏరా, ఆపేశావా ఏంటి... చప్పుడే లేదు?' అంది.